ఆసామి గారి ఇంగ్లీషు

కృష్ణా డెల్టాలో, సముద్రపు గాలి తగిలేంత దగ్గరలో, ఒక ఊళ్ళో ఒక ఆసామి ఉన్నాడు. ఎనిమిదో తరగతి తప్పి వ్యవసాయంలో దిగిన మనిషి. ఇంగ్లీషులో మంచినీళ్ళు అడగడం రాదు. డల్లాస్ నుంచి మనవడు ఫోన్ చేస్తే 'హలో' దగ్గరే ఆగిపోతాడు. అయితే ఒక పనిని ఆపడానికీ, వెనక్కి నెట్టడానికీ ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో దాదాపు అన్నీ ఆయనకు వచ్చు. ఏది ఎక్కడ వాడాలో వచ్చు, సన్నటి తేడాలతో సహా. ఇంకా మొదలుకానిదాన్ని వెనక్కి జరిపితే 'పోస్ట్‌పోన్', మొదలైనదాన్ని మధ్యలో ఆపి మరో రోజుకు పెడితే 'అడ్జర్న్', పైకోర్టు చెప్పేదాకా కిందికోర్టు చెయ్యి కదపకూడదంటే 'స్టే', ఉన్నదో పోయిందో తెలియకుండా గాల్లో పెడితే 'అబేయన్స్' అని ఆయన విడమరిచి చెబుతుంటే, ఆ ఊరి హైస్కూలు ఇంగ్లీషు మాస్టారు ఒకసారి కాగితం తీసుకుని రాసుకున్నారట.

ఆ చదువంతా ఆయన చదివింది కోర్టు వరండాలో.

ఈ ముచ్చట నాకు చెప్పింది ఆయన ప్లీడరు గారి దగ్గర చిరకాలం పనిచేసిన గుమాస్తా. ప్లీడరు గుమాస్తాలు మన కథల్లోకి రావలసినంతగా రాలేదని నా ఫిర్యాదు. నల్లకోటు లేకుండా కోర్టంతా కలయతిరిగే మనుషులు వాళ్ళు. బెంచి క్లర్కు మొహం చూసి కేసు ఏ పూట పిలుస్తారో చెప్పేస్తారు. ఈయన పని మానేసి ఇంటిపట్టున ఉన్నాడు కాబట్టి నోరు విప్పాడు. ఊరి పేరు, మనుషుల పేర్లు బయటపెట్టనని మాట ఇచ్చాను.

ఆసామికి ఒక్కతే చెల్లెలు. తల్లి ముందే పోయింది. తండ్రి 1998లో పోయాడు, వీలునామా రాయలేదు. తాత తండ్రుల నాటి పన్నెండెకరాల మాగాణి మిగిలింది. చెల్లెలికి 1979లోనే పెళ్ళయింది. పసుపుకుంకుమల కింద ఇవ్వాల్సింది ఆనాడే ఇచ్చేశాం, ఇక ఆవిడకీ ఈ మట్టికీ సంబంధం లేదన్నది అన్న లెక్క. ఆవిడ లెక్క వేరు. భర్త బట్టల కొట్టు దెబ్బతిని, పెద్దపిల్ల పెళ్ళి దగ్గరపడితే పుట్టింటికొచ్చి, "రెండెకరాలు నా పేర రాయి అన్నయ్యా, ఇంకేమీ అడగను" అంది.

"చూద్దాంలే అమ్మాయ్" అన్నాడు అన్న.

పని ఆపడానికి ఇంగ్లీషే కావాలనేమీ లేదు. మనకు 'చూద్దాంలే' ఉంది. 'కోతలు కానీ' ఉంది. 'ఆషాఢం వెళ్ళనీ', 'మూఢం పోనీ', 'సంక్రాంతికి కూర్చుని మాట్లాడుకుందాం' ఉన్నాయి. 'నీకు వేరే చెప్పాలా' అనేది వీటన్నిటికంటే ప్రమాదకరమైనది, అందులో తేదీయే ఉండదు. ఒకప్పుడు మన ఊళ్ళల్లో రాత్రిళ్ళు వచ్చి తలుపు తట్టే దయ్యానికి భయపడి గోడల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవారు. దయ్యం అది చదువుకుని వెళ్ళిపోయేదట, మర్నాడు వచ్చి మళ్ళీ అదే చదివేదట. చెల్లెలు కూడా అన్నగారి గోడను అలాగే చదువుతూ వచ్చింది. పెద్దపిల్ల పెళ్ళి అప్పులతో అయిపోయింది. 2001లో ఆవిడ భాగం కోసం దావా వేసింది.

అక్కడితో తెలుగు అయిపోయి ఇంగ్లీషు మొదలైంది.

మొదటి రోజు ఆసామి ఇస్త్రీ చొక్కా వేసుకుని, నుదుట బొట్టు పెట్టుకుని, ఆ రోజే అంతా తేలిపోతుందన్న గుబులుతో వచ్చాడు. బంట్రోతు పేర్లు పిలిచాడు. ప్లీడరు గారు లేచి, రిటన్ స్టేట్‌మెంట్ వేయడానికి టైమ్ కావాలన్నారు. జడ్జి గారు తలెత్తకుండా ఒక తేదీ చెప్పారు. అంతే.

"అయిపోయిందా?" అన్నాడు ఆసామి బయటికొచ్చి.

"అయిపోలేదు బాబుగారూ, జరిగింది" అన్నాడు గుమాస్తా.

ఆ జరగడంలో ఉన్న సుఖం ఆసామికి ఆ రోజే తెలిసింది. పొలం తన చేతిలో ఉంది. పంట తన గాదెలో పడుతోంది. తేదీ ఎంత జరిగితే అంత మేలు. అప్పటినుంచి ఆయన చెవి పెట్టి వినసాగాడు. కేసు పిలిచేసరికి ప్లీడరు గారు పక్క కోర్టులో ఉంటే 'పాస్ ఓవర్', అంటే అదే రోజు కాసేపాగి. రెండో పిలుపుకూ ఎవరూ లేవకపోతే 'నో రిప్రజెంటేషన్'. జడ్జి గారు సెలవు పెడితే డాకెట్ షీట్ మీద 'పి.ఓ. ఆన్ లీవ్'. వాది పిటిషన్ వేస్తే 'ఫర్ కౌంటర్', ఎవరైనా పోయి వారసుల్ని చేర్చాల్సి వస్తే 'ఫర్ స్టెప్స్'. అన్నీ అయ్యాక కూడా 'ఫర్ ఆర్గ్యుమెంట్స్' ఉంటుంది. అది ముగిస్తే 'ఫర్ ఆర్డర్స్', ఆర్డర్స్ తయారుకాకపోతే మళ్ళీ 'ఫర్ ఆర్డర్స్'. ప్రతిదాని చివరా 'కాల్ ఆన్' అని ఒక తేదీ. ఇన్నిట్లోకీ ఆసామి మనసు దోచుకున్నది 'స్టేటస్ కో'. ఉన్నది ఉన్నట్టు ఉండాలనడం. ఉన్నది తన చేతిలోని పన్నెండెకరాలు కాబట్టి ఆయనకు అది వేదవాక్కు.

ఒక పక్షానికి మూడుసార్లకు మించి వాయిదా ఇవ్వకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో చేర్చిన నిబంధన 2002 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ వార్త పేపర్లో చూసి ఆసామికి రెండు రాత్రులు నిద్రపట్టలేదు. గుమాస్తా ఆయన్ను కూర్చోబెట్టి ధైర్యం చెప్పాడు. మూడంటే అంకెల మూడు కాదనీ, కారణం బలమైనదైతే నాలుగోదీ మూడోదాని కిందికే వస్తుందనీ. గుమాస్తా హాస్యానికి అన్నాడు గానీ, మనిషి చేతిలో లేని కారణాలుంటే ఆ నిబంధన కోర్టు చేతులు కట్టేయదని 2005లో సుప్రీంకోర్టే అంది.

ఇంట్లో కూడా ఈ భాషే నడిచేది. కూలీల బాకీ 'పెండింగ్'. చిన్నమ్మాయికి వచ్చిన గుడివాడ సంబంధం 'అబేయన్స్'. పక్కింటాయన గోడ తగాదాకు 'ఇంటెరిమ్ ఆర్డర్'. శాసనసభ నిరవధికంగా వాయిదా పడిందని టీవీలో చెబితే, దాన్ని 'సైన్ డై' అంటారని, అంటే తేదీ వేయకుండా లేచిపోవడమని, అది స్పీకరు చేసే పని అని, 'ప్రొరోగ్' చేసేది మాత్రం గవర్నరనీ భార్యకు వివరించేవాడు. "మీ కాఫీకి స్టే ఇచ్చాను, ముందు స్నానం చేసి రండి" అనేదావిడ. ఆ యింట్లో ఇంగ్లీషు సరిగ్గా వాడింది ఆవిడేనేమో.

చెల్లెలికి ఒక్క ముక్క ఇంగ్లీషు రాదు. కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద స్టీలు క్యారియరు పెట్టుకుని కూర్చునేది. గుమాస్తా ఎదుటి పక్షం వాడే అయినా తేదీ అడిగి తెలుసుకుని, చీటీ మీద రాయించుకునేది. అన్నాచెల్లెళ్ళిద్దరిదీ ఒకే బస్సు రూటు. తిరుగు ప్రయాణంలో ఆవిడ టికెట్టు అన్నే తీసేవాడు. పుట్టింటివాడు పక్కనుండగా ఆడపిల్ల టికెట్టు కొనుక్కుంటే నలుగురూ ఏమనుకుంటారు? దావా దావాయే, టికెట్టు టికెట్టే. "పెద్దాడు ఎట్లా ఉన్నాడు?" అనేది ఆవిడ. "బాగానే ఉన్నాడు, కొత్త ఇల్లు కొన్నాడు" అనేవాడు ఆయన. కేసు మాట ఎత్తేవారు కాదు.

ఎంత జరిపినా 2003లో ప్రిలిమినరీ డిక్రీ వచ్చేసింది. ఇక్కడ కాస్త లెక్క చెప్పుకోవాలి. అప్పటి చట్టం ప్రకారం పిత్రార్జితంలో కొడుక్కి పుట్టుకతోనే సగం. తండ్రి సగమే తండ్రి పోయాక కొడుకూ కూతురూ పంచుకోవాలి. అంటే పన్నెండెకరాల్లో అన్నకు ముందు ఆరు, మిగతా ఆరులో మూడు. చెల్లెలికి మూడు. ఎన్టీఆర్ ప్రభుత్వం కూతుళ్ళకు సమాన వాటా తెచ్చిన మాట నిజమే గానీ, అది 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్ళికాని ఆడపిల్లలకే. ఈవిడ అప్పటికే ఆరేళ్ళ కాపురం చేసింది. కాబట్టి మూడెకరాలే.

ప్రిలిమినరీ డిక్రీ వాటా ఎంతో చెబుతుంది, ఆ వాటా ఏ గట్టు నుంచి ఏ గట్టు దాకానో చెప్పదు. దానికి ఫైనల్ డిక్రీ కావాలి. కోర్టు ఒక అడ్వకేట్ కమిషనర్‌ను వేస్తుంది, ఆయన సర్వేయరును వెంటబెట్టుకుని పొలం కొలిపించి, ప్లాను గీయించి రిపోర్టు ఇస్తాడు, రిపోర్టుకు అభ్యంతరాలుంటే చెప్పుకోవాలి. ఆసామికి మళ్ళీ పండగ. కమిషనర్ వచ్చిన రోజున పొలంలో నీళ్ళున్నాయి. ఇంకోసారి వస్తే సర్వేయరు రాలేదు. మరోసారి ఇద్దరూ వస్తే ఆసామి తిరుపతి వెళ్ళాడు.

అలాంటి మనిషికి 2004 వానాకాలం దాటేసరికి తొందర పుట్టింది. భీమవరం వైపు నుంచి ఒక రొయ్యల చెరువుల వ్యాపారి వచ్చి, సముద్రం వైపున్న పొలానికి మంచి ధర పెడతానన్నాడు. కాకపోతే కోర్టు చిక్కు తీరిన కాగితం చూపించాలన్నాడు. ఆసామి తన తొమ్మిదెకరాలు తనకు విడిగా రాసిచ్చే ఫైనల్ డిక్రీ కోసం మొదటిసారి ప్లీడరు గారి ఇంటికి కబురు చేయకుండా వెళ్ళాడు. కమిషనర్ రిపోర్టుకు అభ్యంతరం లేదని మెమో వేయించాడు. డిసెంబరులో ఒక వాయిదాకు అంతా సిద్ధమైంది. ఆ రోజు పని కాలేదు. తర్వాతి వాయిదాకు జడ్జి గారు సెలవు, కేసు సంక్రాంతి అవతల పడింది. ఈలోగా డిసెంబర్ 26 ఆదివారం పొద్దున సునామీ వచ్చింది. మన తీరాన్నీ కొట్టింది. సముద్రం వైపు చెరువులంటేనే వ్యాపారులు దండం పెట్టే రోజులవి. భీమవరం ఆయన మళ్ళీ కనిపించలేదు.

ఆసామికి తొందర తీరిపోయింది. కమిషనర్ ప్లానులో కాలువ గట్టు తప్పుగా చూపించారని కొత్త అభ్యంతరం పెట్టించాడు. బస్సులో చెల్లెలి టికెట్టు మాత్రం యథావిధిగా తీశాడు.

మరుసటి ఏడు చట్టం మారింది. హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణ 2005 సెప్టెంబర్ 9న అమల్లోకి వచ్చింది. దేశమంతటా కూతురు కూడా కొడుకులాగే పుట్టుకతో హక్కుదారు, పెళ్ళయిందా లేదా అన్న ప్రశ్నే లేదు. ఒక మినహాయింపు పెట్టారు: 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో, కోర్టు డిక్రీతోనో పంపకాలు పూర్తయిపోయి ఉంటే వాటి జోలికి రాము అని. ఆ తేదీ ఎందుకంటే, బిల్లు రాజ్యసభ ముందుకు వచ్చింది ఆ రోజే. రాబోతోందని తెలిసి హడావుడిగా పంచేసుకునేవాళ్ళను పట్టుకోవడానికి పెట్టిన గీత అది.

ఆసామి కంగారుపడి డల్లాస్‌లో ఉన్న కొడుకుతో మాట్లాడాడు. కొడుకు ఆఫీసు పనిలో ఉండి ఇంటర్నెట్‌లో పైపైన చూశాడు. బిల్లును డిసెంబరులో 'టేబుల్' చేశారని ఎక్కడో కనిపించింది.

"టేబుల్ చేశారంటే పక్కన పడేశారనే నాన్నా. నువ్వేం కంగారుపడకు" అన్నాడు.

తప్పు కొడుకుది కాదు, అమెరికాది. అక్కడి చట్టసభల్లో ఒక ప్రతిపాదనను టేబుల్ చేయడమంటే దాన్ని మూలన పడేయడం. లండన్‌లోనూ, మన ఢిల్లీలోనూ టేబుల్ చేయడమంటే సభ ముందు పెట్టడం. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారులు ఈ ఒక్క మాట మీద చాలాసేపు వాదించుకుని, చివరికి ఇద్దరూ కోరేది ఒకటేనని తేల్చుకున్నారని చర్చిల్ తన యుద్ధ చరిత్రలో రాశాడు. ఆ కొడుకే తండ్రికి 'రెయిన్ చెక్' అనే మాట కూడా నేర్పాడు. బేస్‌బాల్ ఆట వానకు ఆగిపోతే, మరో రోజు వచ్చి చూడ్డానికి పనికొచ్చే టికెట్టు ముక్క అది. ఆసామికి నచ్చలేదు. "వాన పడితే పని ఆపేదేమిట్రా? మనకు పని మొదలయ్యేదే వాన పడితే" అన్నాడు.

కొడుకు మాట మీద ఆయన అయిదారేళ్ళు నిశ్చింతగా వాయిదాలు తీసుకున్నాడు. 2011లో సుప్రీంకోర్టు, ఒంగోలు కోర్టు నుంచి పైకి వెళ్ళిన ఒక భాగపంపిణీ కేసులో, ఫైనల్ డిక్రీ కాలేదంటే దావా ఇంకా బతికున్నట్టేననీ, ప్రిలిమినరీ డిక్రీని కొత్త చట్టానికి తగ్గట్టు సవరించవచ్చనీ చెప్పింది. చెల్లెలి ప్లీడరు పేపర్లో తీర్పు కత్తిరించి దాచుకున్నాడు. మూడు బదులు ఆరు కావాలని పిటిషన్ వేశాడు, కింది కోర్టు ఒప్పుకుంది. ఆసామి హైదరాబాదు పరుగెత్తి హైకోర్టులో రివిజన్ వేసి స్టే తెచ్చాడు. ఆయన ఇంగ్లీషు జీవితానికి అది పట్టాభిషేకం. స్టే కాగితాన్ని లామినేషన్ చేయించాడని గుమాస్తా ప్రమాణం చేసి చెప్పాడు.

2015 అక్టోబరులో కథ తిరగబడింది. 2005 సెప్టెంబర్ 9 నాటికి తండ్రి బతికి ఉంటేనే కూతురికి కొత్త హక్కు అని సుప్రీంకోర్టు ఇంకో కేసులో చెప్పింది. వీళ్ళ తండ్రి పోయింది 1998లో. అంటే ఇప్పుడు రివిజన్ వినడమే ఆలస్యం, ఆసామి గెలిచినట్టే, చెల్లెలికి మళ్ళీ మూడెకరాలే.

పద్నాలుగేళ్ళుగా కేసును వెనక్కి నెట్టిన మనిషి మొట్టమొదటిసారి ముందుకు లాగడానికి చెయ్యి వేశాడు. దానికీ ఒక మాట ఉందని తెలుసుకున్నాడు, 'ప్రీపోన్'. ఇంగ్లండు వాళ్ళు దాన్ని విని మొహం చిట్లిస్తారు గానీ మనవాళ్ళకు లేనిదే జరగదు. ఎర్లీ హియరింగ్ పిటిషన్ వేయించాడు. అది ఒక బెంచి మీదికి వచ్చేసరికి సాయంత్రమైంది, 'నాట్ రీచ్డ్'. మళ్ళీ లిస్టులోకి వచ్చేసరికి బెంచి మారింది. చెల్లెలి తరఫు వాళ్ళు కౌంటరుకు టైమ్ అడగాల్సిన అవసరం కూడా రాలేదు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులోనే మరో బెంచి, తండ్రి 2001లో పోయిన కేసులో కూతుళ్ళకు సమాన వాటా ఇచ్చింది. ఇప్పుడు ఒకే కోర్టు నుంచి రెండు మాటలు. ఏది నిలబడుతుందో విస్తృత ధర్మాసనం తేల్చేదాకా ఆగుదామన్నారు. 2019 జనవరి 1 నుంచి అమరావతి కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మొదలైంది. కట్టలు కట్టలుగా ఫైళ్ళు హైదరాబాదు నుంచి ప్రయాణం కట్టాయి, వాటిలో ఆసామి రివిజనూ ఒకటి. ఆయన చొక్కా జేబులో చీటీ మీద నెంబరు రాసుకుని తిరిగేవాడు. "పాతది కాదండీ, కొత్త నెంబరు చెప్పండి" అనేవారు అక్కడ.

ఆ ఏడు సెప్టెంబరులో లండన్‌లో బోరిస్ జాన్సన్ ప్రభుత్వం పార్లమెంటును ప్రొరోగ్ చేయించడం చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసిందన్న వార్త చదివి, "ప్రొరోగ్ కూడా నిలవదా?" అని ఆయన గుమాస్తా ముందు దిగాలుపడ్డాడట. మాటల మీద నమ్మకం సడలడం అక్కడ మొదలైంది.

2020 మార్చిలో కరోనా వచ్చి కోర్టులు మూతపడ్డాయి. అప్పుడాయన నేర్చుకున్న చివరి మాట 'మారటోరియం'. మార్చి 27న రిజర్వు బ్యాంకు, వాయిదాల చెల్లింపును మూడు నెలలు ఆపుకోవచ్చంది, తర్వాత ఆగస్టు ఆఖరు దాకా పొడిగించింది. పంట రుణాలకూ వర్తించింది. ఆసామి సంతోషంగా ఆపుకున్నాడు. కట్టడం ఆగినా వడ్డీ ఆగదని బ్యాంకు కాగితం వచ్చాక తెలిసింది.

ఆగస్టు 11న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చేసింది. తండ్రి 2005 నాటికి ఉన్నాడా లేడా అన్నది అనవసరం, కూతురి హక్కు పుట్టుకతో వచ్చింది, ఫైనల్ డిక్రీ కాని కేసులన్నిటిలోనూ ఆమెకు సమాన వాటా ఇవ్వాల్సిందే. ఏళ్ళ తరబడి పడి ఉన్న ఇలాంటి కేసుల్ని వీలైనంతవరకు ఆరు నెలల్లో ముగించమని కూడా కోరింది. ఆసామి రివిజన్ అయిదు నిమిషాల్లో కొట్టేశారు. కింది కోర్టులో ఆరూ ఆరూ అని డిక్రీ దిద్దారు. కొత్త కమిషనర్ మొదటి రోజే వచ్చాడు, సర్వేయరూ వచ్చాడు, పొలంలో నీళ్ళు లేవు.

డల్లాస్ కొడుకు సెలవుల్లో వచ్చి తీర్పు కాగితాలు మొదటినుంచీ చదివాడు. ఈసారి జాగ్రత్తగా చదివాడు. చదివి ఒక ప్రశ్న వేశాడు.

"నాన్నా, 2004 డిసెంబర్ 20 లోపు ఫైనల్ డిక్రీ అయిపోయుంటే అత్తయ్యకు మూడెకరాలే. అభ్యంతరం లేదని నువ్వు అప్పుడే మెమో కూడా వేశావు. మరి ఎందుకు ఆగింది?"

"మీ అత్తే ఆపింది" అన్నాడు ఆసామి. "అన్నేళ్ళ కేసులో ఆవిడ ఒకే ఒక్కసారి వాయిదా అడిగింది, అది ఆ రోజు. నాకు బాగా గుర్తుంది. అంతా ముందే తెలిసి చేసింది. ఎవరో ఢిల్లీ నుంచి చెప్పి ఉంటారు."

ఆ మాట ఊరంతా పాకింది. మెత్తగా కనిపించి ఎంత పని చేసిందమ్మా అని ఆడవాళ్ళు కూడా అన్నారు. చెల్లెలు కాదనలేదు. "అడిగిన మాట నిజమే. రెండో దానికి పురుడొచ్చింది, విశాఖలో ఉన్నాను. ప్లాను ఒకసారి కళ్ళతో చూసుకుని సంతకం పెడదామని మా ప్లీడరు గారితో చెప్పించాను. అన్నయ్య కూడా సరేనన్నాడు" అంది. ఢిల్లీలో ఆవిడకు తెలిసినవాళ్ళెవరూ లేరు. బిల్లు సంగతి 2005 దాకా ఆవిడ ప్లీడరుకే తెలియదు.

ఆసామి వినలేదు. చెల్లెలి మోసం కాగితం మీద చూపిస్తానని, పాత డాకెట్ ఆర్డర్ల నకలుకు కాపీ అప్లికేషన్ వేయించాడు. అప్పటికి పని మానేసిన గుమాస్తానే బతిమాలి పంపించాడు. నకలు ఆలస్యం కాకుండా వచ్చింది.

2004 డిసెంబర్ 8, బుధవారం నాటి ఆర్డరు. గుమాస్తా చదివాడు. ఆసామికి తర్జుమా చెప్పక్కర్లేదు.

'పిటిషనర్ సీక్స్ వన్ వీక్ టైమ్. రెస్పాండెంట్ నో అబ్జెక్షన్. ఫర్ పాసింగ్ ఫైనల్ డిక్రీ, కాల్ ఆన్ 15-12-2004.'

నకలులో 15 మీద అడ్డగీత ఉంది. దాని పైన 22 అని ఉంది, పక్కన జడ్జి గారి పొడి సంతకం. కింద ఇంకో ముక్క: 'ఎట్ రిక్వెస్ట్ ఆఫ్ రెస్పాండెంట్.'

రెస్పాండెంట్ అంటే ఆసామి. జడ్జి గారు 15 అని చెప్పగానే, నూర్పిళ్ళ రోజులు, ఇంకో వారం అడగండని వెనకనుంచి ప్లీడరు గారి కోటు పట్టుకు లాగింది ఆయనే. గుమాస్తా అప్పుడు పక్కనే ఉన్నాడు. అలవాటుకొద్దీ అడిగాడని చెప్పాడు నాకు, నూర్పిళ్ళు అంతకుముందు వారమే అయిపోయాయట.

చెల్లెలు అడిగింది ఒక్క వారం. రెండో వారం అన్నగారు అడిగింది. ఆ వారం ఖరీదు మూడెకరాలు.